కుంచె కదిలినా రంగు పడదెందుకు?

ఫొటోలో ఒక మరకను చెరిపేద్దామని బ్రష్ పట్టుకుని మౌస్‌ను ఎంత కదిపినా తెర మీద ఏ మార్పూ కనిపించకపోవడం గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌ను అప్పుడప్పుడూ వాడేవారికి బాగా తెలిసిన అనుభవం. కారణం చాలాసార్లు చిన్నదే: అంతకుముందు చేసిన సెలెక్షన్ (మార్పులు ఆ మేరకే పడేలా గుర్తించిన భాగం) చిత్రంలో ఏదో మూల మిగిలిపోయి ఉంటుంది, లేదా బ్రష్ మరో లేయర్ (చిత్రంలో ఒకదానిపై ఒకటి పేర్చిన పొరల్లో ఒకటి) మీద పనిచేస్తూ ఉంటుంది. ఆ సంగతి ప్రోగ్రామ్‌కు తెలుసు, వాడేవారికే తెలియదు. చెప్పినా విండో అడుగున సన్నటి అక్షరాల్లో చెప్పి ఊరుకుంటుంది.

ఫీచర్లు ఎక్కువైపోవడం వల్లే ఇలాంటి ప్రోగ్రామ్‌లు కష్టంగా ఉంటాయనే వాదన నాకు సగమే నిజమనిపిస్తుంది. ఎన్నడూ తెరవని మెనూ ఎవరినీ పెద్దగా బాధించదు; లోపల ఏం జరుగుతోందో దాచిపెట్టి, దాన్ని ఊహించుకునే భారాన్ని మనిషి మీద వేయడమే అసలు సమస్య.

ఫొటోలను సరిదిద్దే ఉచిత ప్రోగ్రామ్ గింప్‌లో 2012లో వచ్చిన 2.8 వెర్షన్‌నే చూద్దాం. టూల్స్, లేయర్లు, చిత్రం వేర్వేరు విండోల్లో చెల్లాచెదురుగా ఉండే పద్ధతికి ప్రత్యామ్నాయంగా అన్నీ ఒకే విండోలో ఉండే ఏర్పాటు అందులోనే వచ్చింది, అయితే అది డిఫాల్ట్ కావడానికి 2018 నాటి 2.10 దాకా ఆగాల్సి వచ్చింది. అదే 2.8లో 'సేవ్' అంటే సొంత ఎక్స్‌సీఎఫ్ ఫార్మాట్‌లో దాచడమేనని, జేపెగ్, పీఎన్‌జీలు కావాలంటే 'ఎక్స్‌పోర్ట్' చేయాలని కొత్త నియమం పెట్టారు. జేపెగ్‌లో లేయర్లు నిలవవు కాబట్టి ఈ తర్కాన్ని తప్పుపట్టలేం. కానీ జేపెగ్ తెరిచి, అంచులు కత్తిరించి, మళ్లీ జేపెగ్‌గానే దాచుకునే మనిషికి లేయర్ల ప్రసక్తే లేదు. ఎక్స్‌పోర్ట్ పూర్తిచేసి విండో మూయబోతే, మార్పులు సేవ్ కాలేదన్న హెచ్చరిక మళ్లీ ఎదురవుతుంది. పని పోయిందేమోనని అతను కంగారుపడితే అది అతని అజ్ఞానం కాదు.

ఇంటర్‌ఫేస్‌ను మారిస్తే పాత అలవాట్లు దెబ్బతింటాయని నిపుణులు అభ్యంతరం చెబుతారు. అందులో న్యాయం లేకపోలేదు. అయితే చేసిన మార్పును రద్దుచేసే కంట్రోల్-జెడ్‌ను రెండోసారి నొక్కితే ఇంకో అడుగు వెనక్కి వెళ్లకుండా, రద్దయిన మార్పునే తిరిగి తెచ్చే తమ పాత పద్ధతిని ఫొటోషాప్ తయారీదారులు 2018 చివర్లో మార్చారు. పాతదే కావాలనుకునేవారికి సెట్టింగ్స్‌లో దాన్ని అలాగే ఉంచారు (ఇంత చిన్న మార్పుకు అన్నేళ్లు ఎందుకు పట్టిందన్నది వేరే ప్రశ్న).

సెలెక్షన్ విషయంలోనూ ఇదే దారి పట్టవచ్చు. బ్రష్ పనిచేయని చోట, కర్సర్ పక్కనే 'ఇది సెలెక్షన్‌కు బయటి భాగం' అని చూపి, ఆ సెలెక్షన్‌ను తీసేసే బటన్ అక్కడే పెట్టి, అక్కర్లేదనుకున్నవారు దాన్ని ఆపేసుకునే వీలిస్తే, అనుభవజ్ఞులకు కలిగే నష్టమేమిటో నాకు తోచడం లేదు.