నన్నెవరూ అడగలేదు కాబట్టి సర్వే దొంగదా?

ఆ ఫార్వర్డ్ మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులోకి ఈ వారంలో మూడోసారి వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "బెంగళూరులో కోటి మందికి పైగా ఉన్నారు. వెయ్యి మందిని అడిగి నగరం మాట ఇదీ అంటారు. నన్నెవరూ అడగలేదు, మిమ్మల్ని అడిగారా? సర్వేలన్నీ దొంగ లెక్కలే. ఎక్కువమంది ఓటేసిన గ్రూపు పోల్ ఒక్కటే నిజం." కింద వరసగా దండాలు, చప్పట్లు. రెండుసార్లు ఊరుకున్నాను, ఇక నా వల్ల కాలేదు.

"నన్నెవరూ అడగలేదు" అన్నది తేల్చేద్దాం. కోటి మందిలో వెయ్యి మందిని తీస్తే మీ వంతు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి. నెలకో సర్వే జరిగినా మీ దాకా రావడానికి సగటున 833 ఏళ్ళు పడుతుంది. మీ తలుపు తట్టకపోవడంలో వింతేముంది?

"కోటికి వెయ్యి ఏ మూలకి?" అన్న దగ్గర మాత్రం బాగా చదువుకున్నవాళ్ళు కూడా బోల్తా పడతారు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం కదా, ఇంట్లో ఇద్దరికి వండినా పెళ్ళికి గుండిగలో వండినా పట్టి చూసేది ఆ నాలుగు మెతుకులే, గిన్నె పెద్దదైందని గంపెడు మెతుకులు ఎవరూ నలపరు. శాంపిల్, అంటే సర్వేకి ఎంచుకున్న ఆ కొద్దిమంది, కూడా అంతే. పొరపాటు ఎంత ఉండొచ్చన్నది ఎంతమందిని అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది, ఊళ్ళో ఎంతమంది ఉన్నారన్నదానితో దాదాపు పని లేదు. లాటరీ తీసినట్టు ఎంచిన వెయ్యి మందిని అడిగితే, ఇలా వందసార్లు చేస్తే ఓ 95 సార్లు, వచ్చిన శాతానికీ అసలు శాతానికీ తేడా మూడు పాయింట్లు దాటదు. జనం కోటి అయినా 140 కోట్లయినా అదే మూడు. దాన్ని ఒకటిన్నరకి దించాలంటే రెండు వేల మంది చాలరు, నాలుగు వేల మంది కావాలి, ఖర్చేమో నాలుగింతలు.

అయితే మెతుకు లెక్క దమ్ బిర్యానీ దగ్గర పనికిరాదు. పైనుంచి గరిటెడు తీస్తే తెల్లన్నమే వస్తుంది, ముక్కలూ మసాలా అడుగున ఉంటాయి. పైపైన పది గరిటెలు తీసినా "ఇందులో ముక్కే లేదు" అని తేలుతుంది, పైగా పది చూశామన్న ధీమా ఒకటి. గ్రూపు పోల్ అచ్చంగా ఇదే.

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఓటెవరికని అడుగుతూ సుమారు కోటి కార్డులు పంచింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు! పేర్లు తీసుకున్నది టెలిఫోన్, కార్లు ఉన్నవాళ్ళ జాబితాల నుంచి, అదీ అందరూ ఆర్థికమాంద్యంలో నలిగిపోతున్న రోజుల్లో. పైగా పని గట్టుకుని కార్డు తిప్పి పంపినవాళ్ళ మాటే లెక్కలోకి వచ్చింది. దాదాపు 50 వేల మందినే అడిగిన గాలప్ అనే సర్వేలాయన మాత్రం రూజ్‌వెల్టే అన్నాడు. ఆ పత్రిక 1938లో మూతపడింది.

సర్వేలు తప్పవా అంటే, తప్పుతాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకి 350 సీట్లు దాటించాయి, వచ్చినవి 293. కానీ వాళ్ళు అడిగింది కొద్దిమందిని కాదు. ఎవరు దొరికారు, నిజం చెప్పారా, ఓట్లని సీట్లుగా ఎలా మార్చారు, తిట్టాలంటే అక్కడ తిట్టండి.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ళు సరిపోతున్నాయా అని పెట్టిన పోల్ సంగతి. 212 ఫ్లాట్లలో 61 ఓట్లు పడ్డాయి, 50 మంది "సరిపోవట్లేదు" అన్నారు, అంటే 82 శాతం, వెంటనే ట్యాంకర్ల కోసం డబ్బు పోగెయ్యాలన్నారు. నేనేం చేశానంటే, అన్ని ఫ్లాట్ల నంబర్లూ చీటీల మీద రాసి, అటుకుల డబ్బాలో వేసి కుదిపి, మా అమ్మాయి చేత 40 తీయించి ఇంటింటికీ తిరిగాను. 307లో నెల్లూరు ఆంటీ, "నీళ్ళా? మాకు బాగానే వస్తున్నాయి బాబూ. ఆ గ్రూపు నేను చూడను, మ్యూట్‌లో పెట్టేశా" అన్నారు. కుళాయి ఎండినవాళ్ళు పోల్ తెరిచి నొక్కుతారు, నీళ్ళున్నవాళ్ళకి ఆ అవసరమేముంది?

తాళం ఉంటే పక్కింటి బెల్ కొట్టకూడదని ముందే అనుకున్నాను, అలా చేస్తే పగలు ఇంట్లో ఉండే రిటైరైనవాళ్ళే నిండిపోతారు, ఆఫీసు నుంచి రాత్రి పదింటికి వచ్చేవాళ్ళు ఎప్పటికీ లెక్కలోకి రారు. ఇప్పటికి 37 ఇళ్ళు దొరికాయి, సరిపోవట్లేదన్నవి 13, అంటే 35 శాతం. చిన్న శాంపిల్ కాబట్టి అటూ ఇటూ 15 దాకా వేసుకోండి, అయినా 82 ఎక్కడ? మిగిలిన మూడిళ్ళూ "సరిపోవట్లేదు" అన్నా 40కి 16 అవుతాయి, అంతే. 1104 వాళ్ళు తొమ్మిదిన్నర తర్వాతే దొరుకుతారని సెక్యూరిటీ అన్నాడు, భోజనం చేసి వెళ్తాను.