మెగావాట్లు వడ్డించే సభ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి అభివృద్ధి రాలేదంటే నమ్మకండి. ప్రతి సభకీ వస్తోంది. వెయ్యి మెగావాట్లు, రెండు వేల మెగావాట్లు... గొంతు లేచినకొద్దీ సున్నాలు లేస్తాయి. యూనిట్లెన్ని, ఏ వేళకి, ఎంతకి అని అడిగినవాడు అభివృద్ధి నిరోధకుడు.

మెగావాట్లంటే ప్లాంటు సత్తా, యూనిట్లంటే నిజంగా పుట్టిన కరెంటు. వెయ్యి మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఎనభై శాతం లోడుతో నడిస్తే రోజుకి 1.92 కోట్ల యూనిట్లు. అంతే సోలారు, ఇరవై శాతం లెక్కన, 48 లక్షలు. పొద్దుగూకితే అదీ సున్నా. ఉపన్యాసంలో మాత్రం రెండూ వెయ్యే. ఒడిశా సరిహద్దులో 1955 నుంచి తిరుగుతున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నిమిషాల్లో లోడు అందుకుంటుంది, సాయంత్రం వాడకం ఒక్కసారి పెరిగే వేళకి అక్కరకొచ్చేది అలాంటి నీటి కరెంటే. కానీ 120 మెగావాట్లంటే చప్పట్లెవరు కొడతారు?

సభ రసపట్టులో ఉండగా కరెంటు పోతుంది. పోనివ్వండి, టెంటు వెనక 125 కేవీఏ జనరేటరుంది. ఆరు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక మైకు. దాని సత్తాలో ఇరవయ్యో వంతు. నిండు లోడులో లీటరుకి మూడున్నర యూనిట్లిచ్చే యంత్రం ఇలా ఉత్తినే తిరుగుతుంటే ఒక్కటిస్తే గొప్ప. అంటే 'స్వచ్ఛ విద్యుత్తు' అనే మాట మైకులోంచి బయటపడడానికి యూనిట్‌కి వంద రూపాయల పొగ. మంత్రిగారు అప్పటికి ఉపన్యాసంలో 2047 దాకా వెళ్ళిపోయి ఉంటారు. జనరేటరు కుర్రాడు పీఏ చెవిలో "బాబూ, డీజిలు అయిపోతంది, ఇంకో పది ఏయాల" అంటాడు. పీఏ చీటీ రాసి పంపుతాడు. మంత్రిగారు అదీ చదివేస్తారు: "ఇంకో పది!" పది వేలనుకుని జనం ఈలలు.

పలాసలో ఈ ఈలలు వినబడవు. అక్కడ బోర్మాలో, అంటే వేడిగాలితో ఆరబెట్టే గదిలో, జీడిపప్పు డెబ్భై డిగ్రీల దగ్గర గంటల తరబడి నిలకడగా ఆరాలి. మధ్యలో ఫ్యాను ఆగితే ఒక ట్రే మాడుతుంది, ఇంకోటి తడిగా మిగులుతుంది. పొట్టు వదలదు. గీకితే గుండు బద్దవుతుంది, బద్ద నూకవుతుంది, ధర దిగిపోతుంది. బొబ్బిలి ఫెర్రో ఫర్నేసుల్లో, ఉక్కు తయారీలో కలిపే సిలికో మాంగనీసు టన్నుకి దాదాపు నాలుగు వేల యూనిట్లు తాగుతుంది. యూనిట్‌కి రూపాయి పెరిగితే టన్నుకి నాలుగు వేలు. కోత కొన్ని గంటలు సాగితే లోపలి సరుకు గడ్డకట్టి ఎలక్ట్రోడు విరుగుతుంది. కరెంటొచ్చినా లోడు మెట్టు మెట్టుగానే ఎక్కించాలి. 2022 ఏప్రిల్‌లో నిరంతరం నడిచే పరిశ్రమలు సగం లోడే వాడాలన్నారు. సగం వేడితో కరగమని ఖనిజానికి కూడా సర్క్యులర్ పంపాల్సింది.

అదే 2022-23లో వాడిన కరెంటుకి సర్దుబాటు చార్జీ 2024 డిసెంబరు నుంచి వసూలు మొదలెట్టారు. బొగ్గు, కొనుగోలు కరెంటు ఖర్చు అంచనా దాటిందట. సరే, ఆనాడు దీపావళికి జీడిపప్పు కొన్న ఢిల్లీ సేటుకి ఫోన్ చేసి, తిన్నదానికి కిలోకి ఇంత బాకీ అని చెబుదామా?

ఇంతకీ ఈ మెగావాట్ల కోసమే కదయ్యా, థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జూలై 14న సోంపేట బీల (చిత్తడి నేల) దగ్గర కాల్పులు జరిపి ఇద్దర్ని చంపారు! ఏడాది తిరక్కుండా ఇంకో థర్మల్ ప్లాంటు కోసం కాకరాపల్లిలో మళ్ళీ తుపాకులు. తంపర అనే చిత్తడి నేలల నీళ్ళ మీద బతికే రైతులూ, మత్స్యకారులూ దేశ ప్రగతికి అడ్డమట! సిగ్గుండాలి. ఆ రెండు చోట్లా ఇంతవరకు ఒక్క యూనిట్ పుట్టలేదు. కేసుల కోసం కోర్టుల చుట్టూ తిరిగింది మాత్రం ఊళ్ళవాళ్ళే. ఇప్పుడు కొవ్వాడ వంతు: ఆరు అణు రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. ఒక్కటీ కట్టలేదు. భూములు మాత్రం తీసుకున్నారు, ఉపన్యాసాల్లో ఆ 7,248 ఎప్పుడో కలిపేశారు.