అమ్మకు ఫోను చేస్తే కాపురం కూలుతుందా?

"సోషల్ మీడియా స్నేహాలను చంపేసింది" అని మొదలయ్యే ఏడు అంశాల సందేశం బంధువుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులో వచ్చింది, పాత సహోద్యోగుల గ్రూపులోనూ వచ్చింది. పైన జంట బాణాలు, కింద దండం పెట్టే చేతులు. పంపినవాళ్ళంతా అభిమానం కొద్దీ పంపారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఐదో అంశం చదివాక ఇక నావల్ల కాలేదు.

ముందు తేలికవి. సాంకేతికత మనుషుల మాటలను మించిపోయిన రోజున లోకం మూర్ఖులతో నిండిపోతుందని ఐన్‌స్టీన్ అన్నాడట. ఆయన 1955లో పోయాడు. ఆయన అన్నాడనడానికి ఒక్క ఆధారమూ దొరకలేదు. రెండోది, మన ఏకాగ్రత ఎనిమిది సెకన్లట, గోల్డ్‌ఫిష్‌ది తొమ్మిదట. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం ప్రకటనదారుల కోసం వేసిన నివేదిక వల్ల ఇది ఊరంతా పాకింది. ఆ చేపను కూర్చోబెట్టి పరీక్షించినవాళ్ళెవరో మాత్రం ఇంతవరకు తేలలేదు.

మూడోది అరుగుల మీద ముచ్చట్లు. వాటిని ఫేస్‌బుక్ మాయం చేసిందట. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో. చాలా ఊళ్ళలో అరుగులు కొట్టేసి ప్రహరీలు, ఇనుప గేట్లు పెట్టుకోవడం అంతకు ముందే మొదలైంది. 1987లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం వస్తుంటే టీవీ ఉన్న ఇంటికి వీధంతా చేరేది. అంతమంది ఒకచోట కూర్చున్నా నోరు విప్పినవాణ్ణి కసిరేవారు. అయినా ఆ అరుగు మీద కూర్చున్నది ఎవరు? మగవాళ్ళు. అన్ని కులాల మగవాళ్ళూ కూర్చునేవారని చెప్పే ధైర్యం ఈ సందేశం రాసినాయనకు ఉందా?

నాలుగోది, బల్ల మీద ఫోను ఉంటే మాటలు సాగవట. కొంత నిజమే. 2018లో కెనడా పరిశోధకులు మూడు వందల మందికి పైగా మనుషులను ఆత్మీయులతో కలిసి హోటల్లో భోంచేయమన్నారు. ఫోను బల్ల మీద పెట్టుకున్నవాళ్ళకు ఆ పూట కాస్త తక్కువ నచ్చింది. కాస్త. అంతమాత్రానికే స్నేహానికి శవయాత్ర తీయనక్కరలేదు.

ఇక ఐదోది. "అత్తవారింట్లో ఉన్న కూతురు రోజూ తల్లితో వీడియో కాల్ మాట్లాడటం వల్లే కాపురాలు కూలుతున్నాయి. పెళ్ళయ్యేవరకు ఆడపిల్లకు ఫోను ఇవ్వకండి, పెళ్ళయ్యాక మాట్లాడనివ్వకండి."

జగిత్యాల నుంచి దుబాయి వెళ్ళినవాడు భార్యాపిల్లలతో రోజూ వీడియో కాల్ మాట్లాడితే "పాపం, ఎంత ప్రేమో" అంటాం. కూతురు తల్లితో మాట్లాడితే మాత్రం కాపురం కూలుతుంది! అంత పెళుసు కాపురమైతే అది కూలేది ఫోను వల్ల కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో 29 శాతం మంది భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింస అనుభవించినవారే. హింసకు గురైన మహిళల్లో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతం. తాము వాడుకునే ఫోను ఉన్న మహిళలు 54 శాతం. మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయాలన్నా చేతిలో ఫోనుండాలి కదా. అమ్మతో మాట్లాడుతూ గొంతు తడబడితే ఆవిడ కనిపెడుతుంది. ఆ భయమే ఈ సందేశం రాసినాయన చేత ఈ అంశం రాయించినట్టుంది.

స్నేహాల సంగతికి వద్దాం, సందేశం దాని గురించే కదా. పెళ్ళితో ఆడపిల్ల స్నేహాలు తెగిపోవడం మన ఇళ్ళలో ఎంత మామూలంటే, దాన్ని నష్టంగా ఎవరూ లెక్కవేయలేదు. ఇంటిపేరు మారేది, ఊరు మారేది, ఉత్తరం వస్తే మామగారే ముందు విప్పేవారు. అప్పుడు ఎవరూ "స్నేహం చచ్చిపోయింది" అని ఏడవలేదు. ఇప్పుడు దినపత్రికల జిల్లా పేజీలు తిరగేయండి: పదో తరగతి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం. ఏ ఊళ్ళోనో ఉన్న పాత నేస్తాలను వెతికి పట్టుకున్నది వాట్సాప్ గ్రూపే. వాళ్ళు వచ్చి ఎదురెదురుగా కూర్చునే మాట్లాడుకున్నారు స్వామీ, పక్కపక్కన కూర్చుని సందేశాలు పంపుకోలేదు.

ఆరో అంశం దగ్గర నేను ఆగిపోయాను. ఎవరైనా పోతే గ్రూపులో దండం బొమ్మ పెట్టేసి, పరామర్శకు వెళ్ళడం మానేశారని. నిజం. దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి వ్యవహారం ఇంకాస్త ముదిరింది. కొత్త ఇల్లూ, మోకాలి ఆపరేషనూ స్టేటస్‌లో ముందే చూసేయడంతో, నోరారా అడిగి తెలుసుకోవడానికి కబురంటూ మిగలడం లేదు. కలిసినప్పుడు "చూశాను, చూశాను" అనుకుని ఎవరి దారిన వాళ్ళం పోతున్నాం. రాసినాయన ఈ ఒక్క అంశంతో ఆపి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

ఆపలేదు. ఏడోది: "ఈరోజే యాప్‌లన్నీ తీసేయండి." పిల్లల బడివాళ్ళు హోంవర్కు పెట్టేది వాట్సాప్‌లో, సెలవు ప్రకటించేది వాట్సాప్‌లో. ముందు వెళ్ళి వాళ్ళను ఒప్పించి రండి, ఆ తర్వాత చూద్దాం.