ఏడు రోడ్ల జంక్షన్‌లో ఏడు ఒకటో నంబర్లు

శ్రీకాకుళంలో మురుగు కాలవల మీద అర్జీలు పడుతున్నాయి, వీధి దీపాల మీద పడుతున్నాయి, నాగావళి గట్ల మీద పడుతున్నాయి. ఎక్స్-మెన్ కామిక్సు (పుట్టుకతో వింత శక్తులున్న వీరుల జట్టు గురించి అమెరికాలో మార్వెల్ వాళ్లు వేసే బొమ్మల కథలు) ఎక్కడ మొదలెట్టాలో తెలీక ఫోను చేతిలో పట్టుకుని నీరుగారిపోతున్న కుర్రకారు గురించి మాత్రం ఇంతవరకు ఒక్క కాగితమూ కదిలిన దాఖలా లేదు. అందుకే ఈ విన్నపం.

నిజానికి ఈ సమస్యను అర్థం చేసుకునే అర్హత మన ఊరికి ఉన్నంతగా ఇంకే ఊరికీ లేదు. అట్ట మీద ఎక్స్-మెన్ అన్న పేరు, పక్కన 1 అన్న అంకె వేసుకుని మొదలైన పత్రికలు ఏడు: 1963, 1991, 2010, 2013, 2019, 2021, 2024. మనకున్నవీ ఏడు రోడ్లే. విధి ఇలాంటి ఏర్పాట్లు ఊరికే చెయ్యదు. రోడ్డుకో బోర్డు పాతి, ఏ దారిన ఏముందో రాసిపెడితే జిల్లా యువత గట్టెక్కుతుంది. (‘అన్‌కానీ ఎక్స్-మెన్’ పేరుతో వచ్చిన ఒకట్లను ఈ లెక్కలో కలపలేదు. కలిపితే జంక్షన్ చాలదు, హైవే మీదికి పోవాలి.)

ఒకటో నంబరంటే మొదటిదనుకోవడం మన బడి చదువు తెచ్చిన తిప్పలు. అక్కడి లెక్క వేరు. అమెరికాలో కామిక్సు దుకాణాల వాళ్లు సరుకు ముందే చెప్పి తెప్పించుకుంటారు, మిగిలిపోతే మామూలుగా వాపసు ఉండదు. అట్ట మీద 1 కనిపిస్తే కొనేవాళ్లు ఎగబడతారని దానికి ఎక్కువ ప్రతులు చెబుతారు. రెండోదానికి తగ్గిస్తారు, పదోదానికి ఇంకా తగ్గిస్తారు. అమ్మకాలు నీరసించాయా, మార్వెల్ వాళ్లు మళ్లీ 1 వేస్తారు. ఒకే రోడ్డుకు మూడుసార్లు శంకుస్థాపన చేసినట్టు: శిలాఫలకం కొత్తది, గుంతలు పాతవే. 2024లో వచ్చిన ఒక సంచికకైతే 35 అన్న నంబరూ ఉంది, 700 అన్న నంబరూ ఉంది. ఆధార్లో ఒక పుట్టినరోజు, టెన్త్ సర్టిఫికెట్లో ఇంకో పుట్టినరోజు ఉన్న మనకు దీని మీద ఆశ్చర్యపోయే హక్కు లేదు.

మొదటి బోర్డు 1963. రచన స్టాన్ లీ, బొమ్మలు జాక్ కర్బీ. ‘ఏ పనైనా మొదట్నుంచీ చెయ్యాలి’ అని పెంచిన ఇళ్ల పిల్లలంతా ఈ రోడ్డే పడతారు, చాలామంది తిరిగి రారు. శ్రీకాకుళం రోడ్డు అన్న పేరు చూసి రైలు దిగినవాడు శ్రీకాకుళంలో దిగినట్టా? ఆమదాలవలసలో దిగినట్టు. ఊళ్లోకి రావాలంటే ఇంకో బండెక్కాలి. 1963 నంబరూ అలాంటి స్టేషనే. సినిమాలు చూసి వెళ్లినవాడికి అక్కడ వుల్వరీన్ ఉండడు, స్టార్మ్ ఉండదు, నైట్‌క్రాలర్ ఉండడు. బీస్ట్ ఉంటాడు గానీ ఒంటి మీద బొచ్చు లేకుండా ఉంటాడు. ఆ బొచ్చు 1972లో మొలిచింది, అదీ వేరే పత్రికలో. పదిహేడో సంచిక తర్వాత కర్బీ కూడా కనిపించడు. 1970లో, 66వ సంచికతో కొత్త కథలు ఆగిపోయాయి.

అసలు గొయ్యి ఆ తర్వాత ఉంది. 67 నుంచి 93 దాకా పత్రిక వచ్చింది గానీ లోపలున్నవి పాత సంచికల కథలే, మళ్లీ అచ్చేసినవి. మొత్తం ఇరవై ఏడు సంచికలు. నంబరు తప్పకుండా చదువుతానని ఒట్టు పెట్టుకున్న నిష్ఠాపరుడు 67 దాకా చెమటోడ్చి వచ్చి, ‘ఇదేటి బావూ, ఇది సదివేసినట్టుందే!’ అని తన బుర్రనే అనుమానించుకుంటాడు. బుర్ర బాగానే ఉంది.

రెండో బోర్డు 1991. దీని మొదటి సంచిక 80 లక్షల ప్రతులు దాటి గిన్నిస్ కెక్కింది. ఎనభై లక్షలమంది చదివారని అనుకోకండి. లోపల కథ ఒకటే, అట్టలు ఐదు. నాలుగు అట్టలు పక్కపక్కన పేరిస్తే ఒక పెద్ద బొమ్మవుతుంది. చివర్న వచ్చిన ఐదో అట్ట మడత విప్పితే ఆ బొమ్మంతా ఒక్కచోటే ఉంటుంది. అంటే ఐదోది కొన్నవాడికి ముందు నాలుగూ దండగ. ఆ సంగతి నాలుగూ కొన్నాకే బోధపడుతుంది. ముందుముందు బంగారమవుతుందని ప్లాస్టిక్ కవర్లలో దాచినవాళ్లు అలాగే దాచుకున్నారు. అందరి బీరువాల్లోనూ ఉన్న సరుకు ఎవడు కొంటాడు? అంతకన్నా ముఖ్యమైన సంగతి: పదహారేళ్లుగా ఈ కథ నడిపిన క్రిస్ క్లేర్‌మాంట్ ఈ కొత్త పత్రిక మూడో సంచికతో దిగిపోయాడు. గృహప్రవేశానికి పిలిచి, సామాన్లు సర్దుకుని వెళ్లిపోయే ఇంటాయన దగ్గర మనం ఎంతసేపు కూచోగలం?

2010 బోర్డు దగ్గర రక్తపిశాచాలుంటాయి. 2013 బోర్డు దగ్గర అందరూ ఆడవాళ్లే ఉన్న జట్టు. రెండూ చదవదగ్గవే, రెండిటికీ మొదలు ఇంకెక్కడో ఉంది. 2021, 2024 కూడా వెనకటి సామాను మోసుకొచ్చినవే. ఈ నాలుగు రోడ్ల మీదా పట్టణ ప్రణాళిక అధికారులు ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు.

2019 రోడ్డు మాత్రం తారు వేసిన రోడ్డు. కాకపోతే 1 అని ఉన్నచోట ఎక్కకూడదు. ఆ ఏడాది ఎక్స్-మెన్ ఒకటో సంచిక రాకముందు జోనథన్ హిక్‌మన్ రెండు చిన్న వరసలు రాశాడు: ‘హౌస్ ఆఫ్ ఎక్స్’ ఆరు, ‘పవర్స్ ఆఫ్ ఎక్స్’ ఆరు. ఈ రెండోదాన్ని ‘పవర్స్ ఆఫ్ టెన్’ అని చదవాలి, అది రోమన్ పది. కథ మొదటి ఏడు, పదో ఏడు, నూరో ఏడు, వెయ్యో ఏడు అని నాలుగు కాలాల్లో నడుస్తుంది, పేరులో ఉన్నది ఆ ఎక్కమే. ఇక్కడ కొత్తవాడు చేసే పొరపాటు ఒకటే: మొదటిది ఆరూ పూర్తిచేసి, చేతులు కడుక్కుని రెండోది పట్టుకోవడం. అన్నమంతా తినేసి చివర్న కూర తిన్నట్టుంటుంది. అవి వారంవారం కలిసి వచ్చాయి, అలాగే కలిపి తినాలి. ‘హౌస్’ ఒకటి, ‘పవర్స్’ ఒకటి, ‘హౌస్’ రెండు, తర్వాత ‘పవర్స్’ రెండూ మూడూ వెంటవెంటనే, ఆపైన ‘హౌస్’ మూడూ నాలుగూ వెంటవెంటనే, ‘పవర్స్’ నాలుగు, అక్కణ్ణుంచి చివరిదాకా ఒకటి విడిచి ఒకటి. రెండూ కలిపి వేసిన పుస్తకంలో ఈ వరసే ఉంటుంది కాబట్టి పుస్తకం కొన్నవాడు వేళ్లు లెక్కపెట్టనక్కర్లేదు. ఇదంతా అయ్యాక వచ్చేదే 2019 ఒకటో నంబరు. తెలుగులో చెప్పాలంటే పదమూడో అధ్యాయం.

ఇక పట్టణంలోని పెద్దల సంగతి. ప్రతి ఊళ్లోనూ ఒక కామిక్సు పెద్దాయన ఉంటాడు, ఆయన వయసు ఇరవై నాలుగు. కొత్తవాడు నోరు తెరిచి అడగడమే పాపం, నాలుగొందల సంచికల జాబితా చేతిలో పెడతాడు. ‘ఇది చదవకపోతే అది అర్థం కాదు’ అంటాడు. వేదం నేర్పే గురువు కూడా శిష్యుణ్ణి ఇంత బెదిరించి ఉండడు. పాత సంచికల్లో ఈయనకు ఊతం కూడా దొరుకుతుంది: మాటల బుడగలో ఒక నక్షత్రం గుర్తు, గడి అడుగున ‘ఫలానా సంచిక చూడుము’ అని సంపాదకుడి చీటీ. ఆ చీటీని నమ్మి ఫలానా సంచికకు వెళితే అక్కడ ఇంకో చీటీ. పెళ్లికి వెళ్లి కనిపించిన ప్రతివాణ్ణీ ‘తమరు ఏ వరసండీ?’ అని అడుగుతూ పోతే విస్తరి ఎత్తేస్తారు.

అందులోనూ ఎక్స్-మెన్ వరసలు కలపబోయినవాడు బాగుపడ్డ దాఖలా లేదు. 1980లో, 1963 నాటి పత్రిక 137వ సంచికలో, జట్టులోని జీన్ గ్రే చచ్చిపోతుంది. ఆమెను ప్రేమించిన స్కాట్, అనగా సైక్లాప్స్, 1983లో అచ్చం ఆమెలాగే ఉన్న మాడెలిన్‌ని పెళ్లాడతాడు. కొడుకు పుడతాడు. 1986లో జీన్ బతికే ఉందని తేలుతుంది: చచ్చిపోయింది ఆమె రూపు దాల్చిన ఫీనిక్స్ శక్తి అట, అసలు మనిషి న్యూయార్క్ దగ్గర సముద్రపు పాయ అడుగున గూట్లో నిద్రపోతోందట. మన నాయకుడు పెళ్లాన్నీ పసిబిడ్డనీ వదిలి చక్కా పోతాడు. తర్వాత మాడెలిన్ జీన్‌కి నకలు అని తేలుతుంది. బిడ్డకు జబ్బు చేస్తే భవిష్యత్తులోకి పంపేస్తారు. వాడు అక్కడ పెరిగి, తల నెరిసి, తండ్రికన్నా పెద్దవాడై కేబుల్ అన్న పేరుతో తిరిగొస్తాడు. పెళ్లిళ్ల పేరయ్య కూడా చేతులెత్తేసే వ్యవహారం. ఇది ముందే బట్టీ పట్టి రావాలనే పెద్దాయన మీద పురపాలక సంఘం తగు చర్య తీసుకోవాలి.

మధ్యలో అందుకోవడం తప్పయితే మనవాళ్లంతా తప్పు చేసినవాళ్లే. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన ఆ ఖాళీ జోలికి పోకుండా విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు రాశాడు. మిగిలిన ముక్క ఆ తర్వాత ఎర్రన పూరించాడు. వానలు లేనప్పుడు ఊళ్లలో విరాటపర్వమే చదివించారు, ‘ఆదిపర్వం ఏదీ?’ అని వరుణుడు ఆక్షేపించలేదు. పక్కనున్న విజయనగరంలోనే చూడండి. కన్యాశుల్కం 1892లో అక్కడ ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడే దాన్ని తిరగరాసి పెంచి వేశారు. ఇవాళ అందరం చదివేది ఆ 1909 పుస్తకం. ‘ముందు 1897ది చదివిరా, తర్వాత గిరీశం సంగతి మాట్లాడుదువు గాని’ అనేవాడికి కోట దగ్గర ఏ హోటల్లోనూ టీ పొయ్యరు.

కనుక బోర్డు పెట్టాల్సింది ఏడు రోడ్లలో దేనికీ కాదు, పక్క సందుకి. ఆ సందు పేరు ‘జెయంట్-సైజ్ ఎక్స్-మెన్’, 1975. రచన లెన్ వీన్, బొమ్మలు డేవ్ కాక్రమ్. పాత జట్టు ఒక దీవిలో చిక్కుకుపోతే, దాన్ని నడిపే ప్రొఫెసర్ దేశదేశాలు తిరిగి కొత్త జట్టును పోగుచేస్తాడు. ఒక్కొక్కర్నీ వాళ్లున్నచోటికే వెళ్లి పిలుస్తాడు కాబట్టి ఎవరెవరో మనకు విడిగా చెప్పే పనిలేదు. ఆ వెంటనే 1963 నాటి పత్రిక కొత్త కథలతో మళ్లీ మొదలై, 94వ సంచిక నుంచి కలం క్లేర్‌మాంట్ చేతికొచ్చింది, 279 దాకా ఆయనదే. ఆయన పాత్రలు ప్రతి సంచికలోనూ తమ శక్తి ఏమిటో, తమ బాధ ఏమిటో మళ్లీ చెప్పుకుంటాయి. వరసగా పది చదివితే విసుగొస్తుంది, నిజమే. కానీ తూర్పు భాగోతంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి, ప్రవేశ దరువులో తానెవరో చెప్పుకున్నాకే కథలోకి వస్తుంది కదా! ఆలస్యంగా వచ్చి చాప వెతుక్కునేవాడి కోసమే ఆ మర్యాద.

కొనేవాళ్లకు: పాత సంచికలు కలిపి వేసే ‘ఎపిక్ కలెక్షన్’ వరసలో ఐదో సంపుటం అడగండి. అవును, ఐదే. అందులో జెయంట్-సైజ్ ఒకటి, 94 నుంచి 110 దాకా ఉంటాయి. ఆరులో 111 నుంచి 128, ఏడులో 129 నుంచి 143. ఈ సంపుటాల నంబర్లు కథ కాలాన్ని బట్టి వేశారు, అచ్చయిన క్రమం వేరు. ఆరు దొరికి ఐదు దొరక్కపోతే గాభరా పడొద్దు. ఆమ్నిబస్ అనే ఎనిమిది వందల పైచిలుకు పేజీల దిమ్మ ఒకటుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని చదివేవాడు ముక్కు జాగ్రత్త. దాని మొదటి భాగం 131తో ఆగుతుంది, జీన్ చావుతో ముగిసే డార్క్ ఫీనిక్స్ కథేమో 129లో మొదలై 137దాకా నడుస్తుంది. సరిగ్గా ముద్ద నోటి దగ్గరికి వచ్చాక విస్తరి లాగేస్తారన్నమాట. రెండో భాగం చేతిలో లేకుండా మొదటిది పూర్తి చెయ్యకండి.

ఫోన్లో చదివేవాళ్లకు మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్ ఉంది. అందులో ‘ఎక్స్-మెన్ 94’ అని వెతికితే గందరగోళమే. 1963లో మొదలైన పాత వరసలో చూడాలి, ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ అన్నది దానికే తర్వాత పడ్డ పేరు. జెయంట్-సైజ్ ఆ వరసలో కనబడదు, విడిగా 1975 కింద ఉంటుంది. అది చదవకుండా నేరుగా 94లోకి దూకిన ప్రతివాడూ ‘ఈ జనమంతా ఎవరు?’ అంటాడు.

మరీ ఓపిక లేనివాళ్లకు 129 కూడా మంచి గుమ్మమే. పదమూడేళ్ల కిటీ ప్రైడ్ అందులోనే అడుగుపెడుతుంది, ఆమెకూ మనలాగే ఏమీ తెలీదు. ఇక పాత కథంతా కావాలని ప్రాణం పీకేవాడికి 138 ఒక్కటి చాలు. జీన్ అంత్యక్రియల దగ్గర నిలబడి సైక్లాప్స్ 1963 నుంచి జరిగిందంతా తలుచుకుంటాడు. దినం భోజనాల దగ్గర పెద్దలు పాత సంగతులు తవ్వుకున్నట్టే, ఒక్క సంచికలో అయిపోతుంది. నాలుగొందల సంచికల పెద్దాయన ఈ 138 సంగతి ఎవరికీ చెప్పడు. చెబితే ఆయన ఉద్యోగం పోతుంది.

బోర్డు అడుగున చిన్న అక్షరాలతో ఒక హెచ్చరిక కూడా వేయించాలి. జెయంట్-సైజ్‌లో థండర్‌బర్డ్ అని ఒక కుర్రాడు వస్తాడు, కోపిష్టి, పౌరుషం గలవాడు, మనవాళ్లకు తప్పకుండా నచ్చుతాడు. అభిమాన సంఘం పెట్టి ఫ్లెక్సీకి ఆర్డరిచ్చే ముందు 95వ సంచిక దాకా ఆగండి.