మొక్కుల కొండకు క్రమశిక్షణ లేదు

జపాన్‌లో అన్నీ టైముకి జరుగుతాయని చెప్పేవాళ్లెవరూ యోషినో వెళ్లినట్టు లేదు. నేను వెళ్లాను. మేనేజర్ని బతిమాలి తెచ్చుకున్న ఒక్క రోజు సెలవుతో, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారిని వెంటబెట్టుకుని, ఒసాకా నుంచి రైలెక్కి మరీ వెళ్లాను. కాబట్టి ఆ కొండ మీద ఫిర్యాదు చేసే హక్కు నాకు పూర్తిగా ఉంది.

నారా ప్రాంతంలోని ఆ కొండ మీద దాదాపు 30,000 సకురా చెట్లు, అంటే చెర్రీ పూల చెట్లు. కింది నుంచి పైకి నాలుగు అంచెలు. ఏప్రిల్‌లో పూత కింద మొదలై, ఎవరి సెలవులతోనూ పని లేనట్టు, నింపాదిగా పైకెక్కుతుంది. మేం వెళ్లిన రోజు కింద రాలిపోయింది, పైన మొగ్గే విప్పలేదు, పూసిన నడిమి అంచెను వానా మంచూ కలిసి కమ్మేశాయి.

ఒసాకా పార్కుల్లోని సొమెయ్ యోషినో చెట్లను చూసైనా నేర్చుకోవద్దా? ఆ రకానికి ఈ కొండ పేరు తప్ప కొండతో పనిలేదు. టోక్యోకి ఇంకా ‘ఎదో’ అనే పేరున్న రోజుల్లో సొమెయ్ అనే ఊరి తోటమాలులు అమ్మిన రకం అది. ఎక్కడ చేసినా 'ఆత్రేయపురం పూతరేకులు' అని బోర్డు పెట్టినట్టన్నమాట. అయితేనేం, అన్నీ ఒకే చెట్టు అంట్లు కాబట్టి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లా ఒకే గంటకు లేస్తాయి. వాతావరణ శాఖ ఒక చెట్టును పెట్టుకుని, దానికి ఐదారు పూలు విచ్చగానే ఊరంతటికీ పూత వచ్చిందని ప్రకటిస్తుంది. అదీ పద్ధతి! కొండ మీదవేమో యమజకురాలు, అంటే అడవి సకురాలు. ఏ చెట్టు తీరు దానిదే. పైగా పూలతోపాటే రాగిరంగు లేతాకులు తోసుకొచ్చి ఫోటో పాడుచేస్తాయి.

అసలు ఈ గారాబం పాతది. ఎన్ నో గ్యోజా అనే తపస్వి జావో గోంగెన్ దేవుణ్ణి సకురా చెక్కలోనే మలిచాడట. అప్పట్నుంచీ భక్తులు ఆ మొక్కలే నాటుతూ వచ్చారు. మనం మొక్కు చెల్లిస్తాం, వాళ్లు మొక్క చెల్లించారు. దేవుడి చెట్టని వందల ఏళ్లు ఎవరూ గొడ్డలి పెట్టకపోతే, ఆ చెట్టుకు భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పట్లో జపాన్‌ని ఏలిన హిదెయోషి ఒక్కడే భయపెట్టాడు. 1594లో ఐదు వేలమందితో పూలు చూడ్డానికి వస్తే మూడు రోజులు వాన వదల్లేదట. ఇది ఆగకపోతే కొండ తగలబెడతానని పూజారుల మీద విరుచుకుపడ్డాడని, మర్నాడే తెరిపిచ్చిందని కథ. చరిత్రకారులు ఆయన్ని ఏమన్నా అనుకోనీండి, సెలవు వృథా అయినవాడి బాధ నాకు తెలుసు.

కింపుసెన్‌జి గుడిలో జావో గోంగెన్ విగ్రహాల తలుపులు అదృష్టవశాత్తూ ఆ రోజు తెరిచే ఉన్నాయి. మూడు విగ్రహాలు, నడిమిది ఏడు మీటర్ల పైమాటే. నీలం ఒళ్లు, కోరలు, ఎత్తిన కాలు. అత్తగారు చెప్పులు విడిచిన పాదాలు చలికి ముడుచుకుంటూనే లెంపలేసుకుని, "మన వీరభద్రుడే బాబూ" అని తేల్చేశారు. బయటికొచ్చి, మంచులోంచి తెల్లగా కనబడ్డ కొమ్మల్ని చూసి, "అచ్చం మునగ పూసినట్టుంది. కూరకి పనికొస్తుందా?" అన్నారు. పనికిరాదన్నాను. కొండ మీద గౌరవం కాస్త తగ్గినట్టనిపించింది.

1688లో బషో అంతటి హైకూ కవి ఇక్కడ మూడు రోజులుండి, మాట రాక నోరు మూసుకున్నానని తనే రాసుకున్నాడు. నేను 412 ఫోటోలు తీశాను. 400 గొడుగులవి.

తడిసి ఓ కొట్లో కూర్చుంటే, కుజు దుంపల పిండి కాచి వేడివేడిగా గిన్నెలో ఇచ్చారు. అత్తగారు చెంచాతో ఎత్తి చూసి, ఆ జిగురు తీగలా సాగాక నోట్లో పెట్టుకుని, "మన పాలగుండ జావే ఇది" అన్నారు. గిన్నె ఖాళీ చేసి, కిటికీలోంచి పైకి చూశారు.

"పైన ఎప్పుడు పూస్తుందో కనుక్కో బాబూ. తిరుగు టికెట్టు మార్చుకుంటాను."

దీన్నీ ఫిర్యాదులో చేర్చుతున్నాను.