మీటరు దాటాక పూచీ ఎవరిది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లా పేజీల్లో ఎలక్ట్రికల్ అసోసియేషన్ల వార్తలకు ఒక వరస ఉంటుంది. జనవరిలో క్యాలెండర్ ఆవిష్కరణ. తర్వాత కొత్త కార్యవర్గం ఎన్నిక, అధ్యక్ష, కార్యదర్శులకు శాలువాలు. ఎండాకాలంలో చలివేంద్రం, మధ్యలో ఒక రక్తదాన శిబిరం, ఏదో ఒక సోమవారం కలెక్టరేట్‌లో వినతిపత్రం. ఈ వరసలో చేరని వార్త ఒకటి అప్పుడప్పుడు వస్తుంది. షాక్ కొట్టి ఎలక్ట్రీషియన్ చనిపోయాడని. పది పన్నెండు రోజులకు అదే పేజీలో ఇంకో ఫొటో కనిపిస్తుంది. సంఘం సభ్యులు చందాలు పోగేసి ఆ కుటుంబానికి కవరు అందిస్తున్న ఫొటో.

ఆ కవరు ఇచ్చే చేతుల మీద నాకు గౌరవం ఉంది. రోజుకూలి మీద బతికే మనిషి తన కూలిలోంచి తీసి ఇచ్చే డబ్బు అది. అలాంటి ఒక ఇంటికి సంఘం వాళ్లతో కలిసి నేనూ వెళ్లాను. గోడకు చేరేసిన నిచ్చెన మీద చిన్నపిల్లాడి చొక్కా ఆరేసి ఉంది. టెస్టరు, కటింగ్ ప్లేయరు, సగం అయిపోయిన ఇన్సులేషన్ టేపు ఉన్న సంచి తలుపు పక్కన మేకుకు అలాగే వేలాడుతోంది. కవరు అందుకున్న ఆవిడ లోపల ఎంతుందో చూడలేదు. కార్యదర్శి వైపు తిరిగి ఒకటే అడిగింది. "మెయిన్ కట్టేశాకే పనిలోకి దిగాడంట కదా అన్నయ్యా, మరి కరెంటు ఎక్కడ్నుంచి వచ్చింది?"

ఎవరూ మాట్లాడలేదు. తలలు దించుకుని బయటికి వచ్చేశాం.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మెయిన్ ఆపితే వీధి నుంచి వచ్చే ఫేజు ఆగుతుంది. అయితే అదే క్షణంలో ఇన్వర్టర్ "కరెంటు పోయింది" అనుకుని బ్యాటరీ నుంచి 230 వోల్టులు ఇవ్వడం మొదలుపెడుతుంది. పాత వైరింగ్‌లో ఇన్వర్టర్ లైనును వేరుగా లాగకుండా ఉన్న బోర్డుల్లోకే కలిపేసి ఉంటే, ఏ పాయింటులో ఏ కరెంటు ఉందో బయటి నుంచి చూసి చెప్పలేం. వైరింగ్ పనిలో ఉన్న పెద్దవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పద్దెనిమిదేళ్లకు హెల్పరుగా చేరి ఇరవై రెండేళ్లకు సొంతంగా పనులు ఒప్పుకుంటున్న కుర్రాళ్లలో ఎంతమందికి ఎవరు చెప్పారు? ఆ చావు తర్వాత జరిగిన సంఘం మీటింగులో సంతాపం ప్రకటించారు, రెండు నిమిషాలు మౌనం పాటించారు, తర్వాతి అంశంలోకి వెళ్లిపోయారు. ఇన్వర్టర్ మాట ఎక్కడా రాలేదు.

నా ఫిర్యాదు అక్కడే. సభ్యుడు పోయాక చేయాల్సింది మన సంఘాలకు బాగా వచ్చు. పోకుండా చేయాల్సింది ఇంకా మొదలుకాలేదు.

ఇది సంఘాల పని ఎందుకవుతుంది, డిపార్ట్‌మెంట్ లేదా అని అడగొచ్చు. ఉంది, మీటరు వరకూ. స్తంభం, సర్వీసు వైరు, మీటరు వరకూ చూసుకునే పూచీ మన ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ది. మీటరు దాటాక ఇంటి యజమానిది. ప్రభుత్వ విద్యుత్ తనిఖీ విభాగం ఫ్యాక్టరీలు, సినిమా హాళ్లు, ఎక్కువ వోల్టేజీ తీసుకునే హెచ్‌టీ సర్వీసులు, ఎత్తైన భవనాల వైపు చూస్తుంది. మామూలు డాబా ఇంటి గుమ్మం తొక్కదు. విద్యుత్ చట్టం 2003లో 161వ సెక్షన్ కరెంటు ప్రమాదాలను తెలియజేయాలని, విచారణ జరపాలని చెబుతోంది. ఆచరణలో లైను మీద జరిగిన ప్రమాదం ఆ దారిలో వెళ్తుంది. ఇంటి లోపల జరిగింది పోలీస్ స్టేషన్లో ఒక కేసుగా, ఆసుపత్రిలో ఒక పోస్టుమార్టం రిపోర్టుగా ముగుస్తుంది. ఏ తప్పు వల్ల చనిపోయాడన్నది వృత్తిలో ఉన్నవాళ్ల దగ్గరికి తిరిగి రాదు. మన దేశంలో కరెంటు షాక్‌తో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారు. ఇన్ని చావుల నుంచి ఒక వీధి ఎలక్ట్రీషియన్ నేర్చుకున్నది ఏమిటంటే చెప్పడం కష్టం.

మీటరు నుంచి స్విచ్ బోర్డు దాకా ఉన్న ఆ కొద్ది దూరంలో రోజూ చేయి పెట్టేది సంఘం సభ్యులే. వాళ్లు కాక ఇంకెవరు పూచీ పడతారు?

కాగితం మీద పూచీ ఉంది. వైరింగ్ పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో చేయించాలని 1956 నాటి విద్యుత్ నియమాల కాలం నుంచీ ఉంది. వాటి స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ, 2023లో వాటిని మార్చి తెచ్చిన కొత్త నిబంధనల్లోనూ అదే మాట ఉంది. పరీక్ష ఎలా చేయాలో కూడా అందులో రాశారు. 500 వోల్టులు పెట్టి చూస్తే కరెంటు వచ్చే ఫేజు వైరుకూ, భూమిలోకి వెళ్లే ఎర్త్‌కూ మధ్య కరెంటు కారకుండా ఆపే ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ చూపించాలి. దీన్ని కొలిచే పరికరాన్ని మనవాళ్లు మెగ్గర్ అంటారు.

మా మేనమామ ఎలక్ట్రికల్ షాపు కౌంటర్లో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. వైరింగ్ పూర్తయిందనే కాగితం మీద సంతకం కోసం మనుషులు ఎలా తిరుగుతారో చూశాను. లైసెన్సు ఒకరిది, పని ఇంకొకరిది. ఇల్లు చూడకుండానే సంతకం పడిపోతుంది, దానికి ఒక రేటు ఉంటుంది. ఆ కాగితంలో ఇన్సులేషన్ ఎంత, ఎర్త్ ఎంత అనే గడుల్లో అంకెలు చక్కగా నిండి ఉంటాయి. మెగ్గర్ ఆ ఇంటి గుమ్మం కూడా దాటి ఉండదు. ఒకసారి అలా కాగితం వచ్చిన కొత్త ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందని పిలిస్తే వెళ్లాం. సాకెట్ విప్పి చూస్తే మూడు రంధ్రాలున్న దానికి రెండే వైర్లు ఉన్నాయి. ఎర్త్ కోసం లాగిన పచ్చ వైరు మడతపెట్టి బాక్సు అడుగున దాచినట్టు ఉంది. బయట ఎర్త్ గొయ్యి మాత్రం ఉంది. ఉప్పు, బొగ్గు వేసి, పైపు దింపి, మూత కూడా వేశారు. ఆ గొయ్యికీ ఇంట్లో సాకెట్లకూ సంబంధమే లేదు.

ఇలాంటి పనిని తప్పని మొదట చెప్పాల్సింది తోటి ఎలక్ట్రీషియనే. తన సంఘం సభ్యుడు చేసిన పనైతే చెప్పడం కష్టం. అయినా చెప్పడానికి ఒక చోటు ఉండాలి కదా, దాని కోసమే సంఘం.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. అసోసియేషన్ అనే ఒక్క బోర్డు కింద మూడు రకాల మనుషులు ఉంటారు. షాపుల వాళ్లకు ఆన్‌లైన్ అమ్మకాలు, అప్పు ఖాతాలు, ఐఎస్ఐ గుర్తు లేని చవక వైరు పెద్ద తలనొప్పి. కాంట్రాక్టర్లకు బిల్లుల టెన్షన్. వైర్‌మన్లకు, హెల్పర్లకు రోజు కూలి, సాయంత్రం క్షేమంగా ఇంటికి రావడం. వేదిక మీద కుర్చీలు ఎక్కువగా మొదటి రెండు రకాల వాళ్లకే దక్కుతాయి కాబట్టి వినతిపత్రాల్లో వాళ్ల సమస్యలే ముందుంటాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల బాధే కదా వినిపిస్తుంది.

మూడో రకం వాళ్లకు సంఘం చేయగల పనులు మాత్రం చాలా ఉన్నాయి. చేతివృత్తుల కోసం 2023 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, తాపీ మేస్త్రి, తాళాలు చేసేవాళ్లు అందరూ ఉన్నారు, ఎలక్ట్రీషియన్ లేడు. చేర్చమని అడగొచ్చు. ఇంకో దారి ఇప్పటికే తెరిచి ఉంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో మొదలైన ఏర్పాటులో, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. కొత్త ఇంట్లో పైపులు వేసి వైరు లాగేవాడు నిర్మాణ కార్మికుడే. "అది తాపీ పనివాళ్లది కదండీ" అని నాతో అన్న వైర్‌మన్లు ఉన్నారు. సంఘం ఒక ఆదివారం కూర్చోబెట్టి ఫారాలు నింపిస్తే పోయేది.

బీమా సంగతి చూడండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి కట్టేది 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల లోపు ఉంటే చాలు. ఏటా మే 31 లోపు ఖాతాలోంచి డబ్బు కోత పడాలి. రెండు వందల మంది సభ్యులున్న సంఘానికి మొత్తం అయ్యేది 4 వేల రూపాయలు. శాలువాలకు, పూలదండలకు ఇంతకంటే ఎక్కువే అవుతుంది. మే నెలలో కార్యదర్శి ఒక నోటుబుక్ పట్టుకుని, ఎవరి ఖాతాలో కోత పడింది, ఎవరిది పడలేదు అని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తే, ఆ ఏడాదికి ఆ సంఘం చేసిన పనుల్లో అదే పెద్దదవుతుంది. నేను చూసిన ఇంట్లో ఆ 20 రూపాయలు ఎవరూ కట్టలేదు.

నేర్చుకునే విషయానికి వస్తే, ఇప్పుడు మన దగ్గర ఎలక్ట్రీషియన్లకు జరిగే మీటింగులు ఎక్కువగా కంపెనీలు పెట్టేవే. హోటల్లో భోజనం, ఒక సంచి, ఒక టీషర్టు, కొత్త స్విచ్చుల గురించి గంటసేపు చెప్పడం. 90 మీటర్ల వైరు కాయిల్ పెట్టెలో ఎలక్ట్రీషియన్ కోసం కూపన్ పెడతారు. స్కాన్ చేస్తే పాయింట్లు వస్తాయి. కుర్రాళ్లు ఆ చిన్న కాగితాన్ని పర్సులో ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో కౌంటర్ ఇవతల నుంచి చూశాను. అది వాళ్లకు నిజంగా అక్కరకొచ్చే డబ్బు, వద్దనను. అయితే ఏ వైరు కొనాలో కంపెనీ నేర్పుతుంది. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్ వైరును కాపాడుతుందని, మనిషిని కాపాడటానికి 30 మిల్లీ యాంపుల కరెంటు పక్కదారి పట్టినా పడిపోయే ఆర్‌సీసీబీ స్విచ్ కావాలని, ఇంటి యజమాని "ఖర్చెందుకు" అన్నప్పుడు ఆయనకు ఎలా నచ్చజెప్పాలని నేర్పాల్సింది సంఘమే. నెలకో సాయంత్రం చాలు. ఒక మెగ్గర్, ఒక ఎర్త్ టెస్టరు సంఘం సొమ్ముతో కొని ఆఫీసులో ఉంచితే, ఏ సభ్యుడైనా పట్టుకెళ్లి పని అయ్యాక తెచ్చి ఇవ్వొచ్చు. కొన్ని వేల రూపాయల పరికరం ఒక్కడికి బరువు, రెండు వందల మందికి కాదు.

మనవాళ్లకు కలిసి పనిచేయడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చీపురుపల్లిలో కరెంటు పంపిణీనే దశాబ్దాల పాటు సహకార సంఘం నడిపింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు చూశాం. తిత్లీ వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలను పడగొట్టింది. లైన్లు నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి సిబ్బంది వచ్చారు. మరి ఇళ్ల లోపల? నీళ్లు దిగిన బోర్డులు విప్పి ఆరబెట్టింది, కరెంటు వచ్చే ముందు ఇంటింటికీ తిరిగి మెయిన్లు ఆపించింది ఊళ్లో ఎలక్ట్రీషియన్లే. స్తంభం దగ్గర, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు తెగి ఉంటే ఒక ఇంట్లో బల్బు మిణుకుమంటుంది, పక్కింట్లో వోల్టేజీ 400 దగ్గరికి ఎగబాకి టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. అది తెలిసిన కుర్రాడు ఒక్కడు వీధిలో ఉన్నా ఆ వీధి బతికిపోయింది. ఆ రోజుల్లో నాకు తెలిసిన చాలామంది కూలి అడగలేదు. ఆ పనికి ఫొటోలు లేవు, ఏ సంఘం మినిట్స్ పుస్తకంలోనూ రాయలేదు. రాసి ఉంటే, తర్వాత తుఫానుకు ఏ మండలంలో ఎవరిని పిలవాలో ఒక జాబితా అయినా చేతిలో ఉండేది.

ఇప్పుడు ఇంకో కొత్త పని మీద పడుతోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్ల ప్యానెళ్లకు 78 వేల రూపాయల వరకూ సబ్సిడీ ఉంది. సబ్సిడీ రావాలంటే నమోదైన వెండరే బిగించాలి. కాబట్టి ఆర్డరు వెండరుకు వెళ్తుంది, మేడ ఎక్కి బిగించేది మన ఊరి కుర్రాడు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల నుంచి డీసీ కరెంటు వస్తూనే ఉంటుంది. కింద మెయిన్ ఆపినా పైన ప్యానెల్ వైరులో వోల్టేజీ చావదు. మళ్లీ ఆవిడ అడిగిన ప్రశ్నే. మెయిన్ కట్టేశాడు, మరి కరెంటు ఎక్కడ్నుంచి వచ్చింది? ఈసారి ఆ ప్రశ్న ఇంకో ఇంట్లో వినపడక ముందే సంఘాలు తమ మీటింగులో మొదటి అంశంగా పెట్టుకోవాలి. రెండు జిల్లాల్లో ఎన్ని మేడలు ఎక్కుతున్నారో, ఎవరెవరు ఎక్కుతున్నారో వాళ్లకే తెలుసు.

మొన్న అటువైపు వెళ్తూ ఆ ఇంటి యజమానిని కలిశాను, ప్రమాదం జరిగిన ఇంటి యజమానిని. ఇన్వర్టర్ లైను విడదీయించారా అని అడిగాను. లేదన్నాడు. "ఆ కుర్రాడు పోయాక ఇంకెవరూ ముట్టుకోవడం లేదండి. మీకు తెలిసినవాళ్లుంటే పంపండి" అన్నాడు. కార్యదర్శికి ఫోన్ చేశాను. ఆదివారం ఇద్దరిని తీసుకుని తనే వస్తానన్నాడు.