ముస్లింలు మారరన్న మాట గురించి

ముస్లిం సమాజం మారదని, అందరూ ఒకే అచ్చని ఒక వ్యాసంలో రాశారు. చాలా బాధేసింది. మాది కనిగిరి దగ్గర నూర్‌బాషా కుటుంబం, అంటే దూదేకుల ముస్లింలం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా తాత విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫోమ్ పరుపులొచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు మా చెల్లెలు ఒంగోలులో నర్సింగ్ చదువుతోంది, బురఖా వేసుకునే వెళ్తుంది. రెండూ తన ఇష్టమే. ఇంకో సంగతి, వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లలో దూదేకులవాళ్లం బీసీ-బీ గ్రూపులో ఉన్నాం. 2007లో 4 శాతం కోటాతో వచ్చిన బీసీ-ఈలో ఉన్నది వేరే ముస్లిం వర్గాలు. ఇక ఒకే అచ్చు ఎక్కడిది? మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు, రొట్టెల పండుగకు ఒకసారి వెళ్లి చూడండి. కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. చెల్లెలి చదువు కోసం అమ్మ నీళ్లలో నిలబడితే, చదువు రొట్టె ఇచ్చింది బొట్టు పెట్టుకున్న ఒక అక్క.